ఆపరేషన్ దాకా ఆగే వైద్యం

ధర్మవరంలో మగ్గం నేసే మనిషికి చేతులెంత ముఖ్యమో కాళ్ళూ అంతే. గుంత మగ్గం ముందు కూర్చుని, గుంతలోకి కాళ్ళు దించి, చెక్కలు తొక్కుతుంటేనే పడుగు విడివడుతుంది, పేక దూరుతుంది. షుగరు వచ్చి కొన్నేళ్ళు గడిచాక, అదుపులో లేకపోతే, మొదట మొద్దుబారేవి ఆ కాళ్ళే. అరికాలు ఒరుసుకుని పుండు పడినా నొప్పి తెలియదు. తెలిసేసరికి వేలు నల్లబడి ఉంటుంది. వేలు తీసేస్తే ప్రాణం నిలుస్తుంది గానీ మగ్గం ఆగిపోతుంది. మగ్గం ఆగితే కూలి ఆగుతుంది, సావుకారు దగ్గర తీసుకున్న బయానా మాత్రం అలాగే ఉంటుంది.

జబ్బును ఇలా పని వైపు నుంచి చూస్తేనే ఈ ప్రాంతం సంగతి అర్థమవుతుంది. ధర్మవరానిది మగ్గాల బతుకు. హిందూపురంలో చింతపండు, బెల్లం మార్కెట్లో బస్తాలు మోసే హమాలీలున్నారు, గార్మెంట్స్ ఫ్యాక్టరీలకు తెల్లారకముందే బస్సెక్కే ఆడవాళ్ళున్నారు. పెనుకొండ పక్కన అమ్మవారిపల్లె, ఎర్రమంచి దగ్గర 2019లో కార్ల ఉత్పత్తి మొదలుపెట్టిన కియా ఫ్యాక్టరీ ఉంది, దాని చుట్టూ విడిభాగాల కంపెనీలున్నాయి, వాటిని దాటితే మళ్ళీ చెనిక్కాయ వేసే మెట్ట చేలు. మూడు ఊళ్ళూ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలోవే. పాత అనంతపురం జిల్లా అంటే దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. కరువు పనులు, గంజి కేంద్రాలు, వలసలు ఇక్కడి ముసలివాళ్ళ జ్ఞాపకాల్లో ఇంకా ఉన్నాయి. అలాంటి చోట, తిండి ఎక్కువైతే వచ్చే జబ్బులని పేరుపడ్డ షుగరు, బీపీ, గుండెపోటు, పక్షవాతం ఇంటింటి మాట ఎలా అయ్యాయి?

దీనికి మనకు అలవాటైన జవాబు ఒకటుంది. జనం ఒళ్ళు వంచడం మానేశారు, నూనె పదార్థాలు ఎక్కువ తింటున్నారు, మోటారు సైకిళ్ళు వచ్చాయి, ఫోన్లు వచ్చాయి. ఇందులో నిజం లేకపోలేదు. అయితే ఈ జవాబులో ఒక సౌకర్యం దాగి ఉంది. తప్పంతా రోగిదే అయితే ఇక మిగతావాళ్ళెవరూ ఏమీ చేయనక్కర్లేదు. ఏళ్ళ తరబడి పోగుపడిన ఆధారాలను వరసగా పెట్టి చూస్తే, పేదవాడి దీర్ఘకాలిక జబ్బుకు అలవాట్లకన్నా పెద్ద కారణాలు వేరే కనిపిస్తాయి: పుట్టినప్పటి బరువు, రేషన్ సంచి, బోరు నీళ్ళు, నొప్పి మాత్ర. వీటన్నిటినీ మించి, జబ్బు ముదిరి బల్ల ఎక్కే రోజు దాకా పలకరించని వైద్య వ్యవస్థ.

ముందు ఒక పాత సిద్ధాంతం సంగతి. 1971లో అబ్దెల్ ఒమ్రాన్ అనే శాస్త్రవేత్త, సమాజాలు అంటురోగాల దశ నుంచి దీర్ఘకాలిక జబ్బుల దశకు మెట్టు మెట్టుగా నడుస్తాయని చెప్పాడు. మొదట కలరా, క్షయ పోతాయి, జనం ఎక్కువకాలం బతుకుతారు, అప్పుడు గుండె జబ్బులు వస్తాయి. యూరప్‌కు ఈ వరస సరిపోయింది. మనకు సరిపోలేదు. మన దగ్గర క్షయ పోకముందే షుగరు వచ్చింది. రెండూ ఒకే ఒంట్లో కాపురం పెట్టాయి. షుగరున్న మనిషికి క్షయ సోకే ప్రమాదం మిగతావాళ్ళకన్నా రెండు మూడు రెట్లు ఎక్కువని ఇప్పుడు బాగా తెలిసిన విషయం. గాలి ఆడని ఇరుకు గదిలో నలుగురు కలిసి నేసే ఇంట్లో ఈ జోడీ ఏం చేస్తుందో వేరే చెప్పక్కర్లేదు.

పల్లెల్లో జనం ఏ జబ్బుతో పోతున్నారన్నదానికి మన దగ్గర చాలాకాలం సరైన లెక్కే లేదు. ఊళ్ళో చనిపోతే కారణం రాసే డాక్టరు ఉండడు కదా. ఆ లోటు కొంత తీర్చింది గోదావరి జిల్లాల్లో జరిగి 2006లో వెలువడిన అధ్యయనం. 45 గ్రామాల్లో ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాల గురించి ఇంటింటికీ వెళ్ళి, చివరి రోజుల్లో లక్షణాలు ఏమిటని అడిగి తెలుసుకుని, కారణాలు నిర్ధారించారు. గుండె, రక్తనాళాల జబ్బుల వాటా 32 శాతం. అంటురోగాలది సుమారు 12 శాతమే. డెల్టా పల్లెలు కాస్త కలిగినవి, సీమకు ఆ లెక్క వర్తించదని అప్పట్లో అనుకోవడానికి వీలుండేది. తర్వాత వచ్చిన లెక్కలు ఆ వీలు లేకుండా చేశాయి. దేశం మొత్తం మీద 1990లో మరణాల్లో సుమారు 38 శాతం అంటువ్యాధులు కాని జబ్బులవైతే, 2016 నాటికి అది దాదాపు 62 శాతానికి చేరిందని 2017లో భారత వైద్య పరిశోధన మండలి తదితర సంస్థలు ప్రకటించాయి. 2023లో అదే మండలి విడుదల చేసిన దేశవ్యాప్త సర్వే 10 కోట్ల మందికి పైగా షుగరు ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని అంచనా వేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ మహిళల్లో దాదాపు ఐదుగురిలో ఒకరికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉండడమో, దానికి మందులు వాడుతుండడమో కనిపించింది. దేశ సగటు 13.5 శాతమే. బీపీ సంగతికొస్తే నలుగురిలో ఒకరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2021లో ఇలాంటి జబ్బులతో పోయినవారు 4 కోట్ల 30 లక్షల మంది, వారిలో నాలుగింట మూడు వంతులు పేద, మధ్యాదాయ దేశాలవారు. డెబ్భై నిండకుండా పోయేవారిలో ఈ దేశాల వాటా ఇంకా ఎక్కువ.

అంకెలు ఇక్కడితో చాలు. అసలు కథ ఒంట్లో మొదలవుతుంది. ఇంకా చెప్పాలంటే తల్లి ఒంట్లో.

హిందూపురం నుంచి రైల్లో ఒక పూట ప్రయాణం చేస్తే వచ్చే మైసూరులో, హోల్డ్స్‌వర్త్ మెమోరియల్ ఆసుపత్రి 1930ల నుంచి పుట్టిన ప్రతి బిడ్డ బరువునూ పుస్తకంలో రాసి పెట్టింది. అరవై ఏళ్ళ తర్వాత పరిశోధకులు ఆ పుస్తకాలు పట్టుకుని, ఆ బిడ్డలను పెద్దవాళ్ళయ్యాక వెతికి పరీక్షించారు. తక్కువ బరువుతో పుట్టినవాళ్ళలో గుండె జబ్బు ఎక్కువగా కనిపించిందని 1996లో ప్రకటించారు. పుణేలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్నిక్ బృందం మరో సంగతి చూపింది: మన పిల్లలు ఇంగ్లండు పిల్లలకన్నా చిన్నగా, సన్నగా పుడతారు గానీ ఆ చిన్న ఒంట్లోనే కొవ్వు వాటా ఎక్కువ, కండ తక్కువ. కడుపులో ఉన్నప్పుడు తిండి చాలని బిడ్డ శరీరం పొదుపుకు అలవాటు పడుతుంది. పెద్దయ్యాక తిండి కాస్త పెరిగితే చాలు, ఆ పొదుపు తిరగబడుతుంది. హైదరాబాదు దగ్గరి పల్లెల్లో 1987-90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ గర్భిణులకు, పసిపిల్లలకు అదనపు పోషకాహారం ఇచ్చిన ఊళ్ళనూ ఇవ్వని ఊళ్ళనూ పోల్చి చూసింది. ఆ పిల్లలు యుక్తవయసుకొచ్చాక, పోషకాహారం అందిన ఊళ్ళ పిల్లల్లో ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది, రక్తనాళాలు మెత్తగా ఉన్నాయి. నా దృష్టిలో ఈ విషయం మీద తెలుగు నేల ప్రపంచానికిచ్చిన సాక్ష్యాల్లో ఇది చాలా విలువైనది. అంగన్‌వాడీ గుడ్డు నలభై ఏళ్ళ తర్వాతి గుండెపోటుకు మందు అన్నమాట. బడ్జెట్టు రాసేవాళ్ళు దాన్ని ఆ పద్దులో ఎప్పుడూ రాయరు.

1876-78 నాటి మహా కరువు అనంతపురం, బళ్ళారి, కర్నూలు, కడప సీమలను తుడిచిపెట్టింది. ఆ కరువు నేటి షుగరుకు కారణమని తేల్చి చెప్పేంత ఆధారం ఎవరి దగ్గరా లేదు. కానీ తరాల తరబడి తల్లులు చాలీచాలని తిండితో బిడ్డల్ని కన్న ప్రాంతంలో, అదే బొజ్జ, అదే బరువు ఉన్నా జబ్బు ముందే రావడం ఆశ్చర్యం కాదు. బెంగళూరు పెద్ద కంపెనీ ఉద్యోగికి యాభైలో వచ్చేది హమాలీకి నలభైలో రావడానికి అతని తీపి మీద మమకారమే కారణమనడం అన్యాయం.

ఇక తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చిన ఎన్టీ రామారావు 1985, 1989, 1994 ఎన్నికల్లో గెలిచింది హిందూపురం నుంచే. అంతకుముందు ఈ పక్క వరి అన్నం పండగ భోజనం. రాగి, కొర్ర, సజ్జ, జొన్నలే రోజూ తిండి. బియ్యం చౌకగా ఇంటికొచ్చాక, చేలల్లో చిరుధాన్యాలు పోయి చెనిక్కాయ నిండాక, పళ్ళెం తెల్లబడింది. దీన్ని పట్టుకుని రెండు రూపాయల బియ్యమే షుగరు తెచ్చిందని తీర్మానించేవాళ్ళున్నారు. ఆ తీర్మానం ఆకలి ఎరగనివాళ్ళది. ఆ బియ్యం ఎన్ని పొయ్యిలు వెలిగించిందో ఈ ఊళ్ళల్లో ఎవరినడిగినా చెబుతారు. లోపం బియ్యంలో లేదు, బియ్యం ఒక్కటే ఇచ్చి ఊరుకోవడంలో ఉంది. కంది పప్పు, గుడ్డు, ఆకుకూర బియ్యంతో పాటు అదే ధరలో రాలేదు. కూలి డబ్బుకు అన్నమే కడుపు నింపుతుంది, దానికి తోడు ఊరగాయ, ఉప్పు దట్టించిన కారప్పొడి, పామాయిలులో వేయించిన బోండా, చక్కెర ఎక్కువేసిన టీ. కూలి మనిషికి టీ ఆకలిని వాయిదా వేసే సాధనం. దాన్ని మానమనే ముందు ఆ వాయిదా ఎందుకు అవసరమైందో అడగాలి.

సంగటి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. రాగి సంగటి తింటే షుగరు రాదని, వచ్చినా పోతుందని సీమలో గట్టి నమ్మకం. రాగిలో కాల్షియం, పీచు బియ్యంకన్నా ఎక్కువన్నది నిజమే. కానీ మెత్తగా మర పట్టించిన పిండి, అందులో బియ్యం వేసి ఉడికించిన ముద్ద రక్తంలో చక్కెరను బాగానే పెంచుతుంది. ముద్ద ఎంతన్నదే లెక్క. పాతవాళ్ళు అంత పెద్ద ముద్ద తిని బాగున్నారంటే, దాని వెనక కాడి పట్టి నడిచిన రోజంతా ఉంది. ఇప్పుడు అదే ముద్ద తిని పన్నెండు గంటలు కుట్టు మిషను ముందు కూర్చుంటే లెక్క మారిపోతుంది. ఇంకో చిత్రం: పెనుకొండకూ ధర్మవరానికీ మధ్య చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ రైతులతో మళ్ళీ చిరుధాన్యాలు పండిస్తోంది. మంచి పనే. కానీ ఇప్పుడు కొర్రలు, సామలు బియ్యానికి రెండు మూడు రెట్లు ధర పలుకుతూ నగరాల్లో ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవాళ్ళ ఇళ్ళకు వెళ్తున్నాయి. పండించే ఊళ్ళో కూలివాళ్ళకు అవి అందనివయ్యాయి. రాయలసీమ రేషన్‌లో బియ్యంలో కొంతకు బదులు రాగులిచ్చే ఏర్పాటు వచ్చింది. చిన్న అడుగే అయినా సరైన దిక్కులో పడింది.

నీళ్ళ సంగతి మరింత చిక్కు. బోరు వెయ్యి అడుగులకు దిగిన చోట్ల ఫ్లోరైడ్ పైకొచ్చింది. పళ్ళు గారపట్టడం పైకి కనిపించేది. కీళ్ళు బిగుసుకుపోవడం, నడుము వంగకపోవడం లోపలిది. శ్రీ సత్యసాయి ట్రస్టు 1995లో పాత అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీటి పథకం కట్టించడం ఈ ప్రాంతపు ప్రజారోగ్య చరిత్రలో పెద్ద మలుపు. అయినా ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరం కీళ్ళు ఇప్పటికీ నొస్తూనే ఉన్నాయి. ఆ నొప్పికి, పదహారేళ్ళకే గుంత మగ్గంలో కూర్చున్నవాళ్ళ నడుము నొప్పికి, బస్తాలు మోసినవాళ్ళ మెడ నొప్పికి దొరికే వైద్యం ఒకటే. వీధి చివర ఆర్‌ఎంపీ ఇచ్చే సూది, మందుల షాపులో పేరు చెప్పకుండానే చేతిలో పెట్టే నొప్పి మాత్ర. నొప్పి ఆ పూటకు పోతుంది, కూలి నిలుస్తుంది. నొప్పి మాత్రలు ఏళ్ళ తరబడి మింగితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అప్పటికే లోపల బీపీ, షుగరు ఉంటే అవి మరింత త్వరగా చెడతాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనా కేంద్రం తెరిచారు. ఇక్కడ అంత మర్మమేమీ లేదు. కారణాలు కళ్ళ ముందే ఉన్నాయి, ఆర్‌ఎంపీని తిట్టడంతో అవి పోవు. రాత్రి ఎనిమిదికి తలుపు తట్టినా పలికేది ఆయనొక్కడే. ఆయన దగ్గర బీపీ చూసే మిషను ఉందా, ఎవరిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో ఆయనకు తెలుసా అన్నవి ప్రభుత్వం అడగాల్సిన ప్రశ్నలు. చట్టం ఆయన్ని లేనట్టే చూస్తుంది కాబట్టి ఆ ప్రశ్నలు ఎవరూ అడగరు.

ఇప్పుడు ఆసుపత్రులకొద్దాం. ఈ విషయంలో ఈ జిల్లాది విచిత్రమైన అదృష్టం. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో తెరుచుకున్న శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థలో గుండె ఆపరేషన్లు ఉచితం. బిల్లు కట్టే కౌంటరే లేని ఆసుపత్రి అది. హార్డ్‌రాక్ కెఫేల సహవ్యవస్థాపకుడు ఐజాక్ టిగ్రెట్ విరాళం దాని వెనక ఉందంటే ఇప్పటివాళ్ళు నమ్మరు. ధర్మవరానికి దగ్గర్లో బత్తలపల్లిలో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ మొదలుపెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు (ఆర్డీటీ) వారి ఆసుపత్రి ఉంది. ఆర్డీటీకి విదేశీ విరాళాల అనుమతి 2025లో చిక్కుల్లో పడినప్పుడు జనం వీధుల్లోకి వచ్చింది ఊరికే కాదు. ఈ రెండూ గాక, హిందూపురం నుంచి వంద కిలోమీటర్ల దూరంలో బెంగళూరు, అక్కడ గుండెకు జయదేవ, క్యాన్సరుకు కిద్వాయి. ఆ పైన, 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన తొలి మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం తక్కినవి. తెల్ల కార్డుతో కార్పొరేట్ ఆసుపత్రిలో గుండె ఆపరేషన్ జరుగుతుందన్న మాట అప్పట్లో నమ్మశక్యం కానిది. ఎన్ని ప్రాణాలు నిలిచాయో లెక్కలేదు. ప్రభుత్వాలు మారి, పేర్లు మారి ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్నా, ఆపే ధైర్యం ఎవరికీ లేదు. ఉండకూడదు కూడా.

అయితే ఆరోగ్యశ్రీ మనకు ఒక అలవాటు చేసింది. వైద్యం అంటే ఒక సంఘటన అని. గుండెపోటు, ఆపరేషన్, డిశ్చార్జ్, ఫోటో. షుగరు, బీపీ సంఘటనలు కావు. ముప్ఫై ఏళ్ళపాటు రోజూ ఉదయం వేసుకోవాల్సిన మాత్రలు అవి. ఆ ముప్ఫై ఏళ్ళకు ప్యాకేజీ కట్టడం కష్టం, ఫోటో తీయడం ఇంకా కష్టం. డబ్బు ఎటు పోతుందో చూస్తే సంగతి తెలుస్తుంది. డయాలసిస్ చేయించుకునే రోగికి రాష్ట్ర ప్రభుత్వం నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది. ఇవ్వాల్సిందే, వారానికి రెండు మూడుసార్లు అనంతపురానికో హిందూపురానికో తిరిగే మనిషి ఏ పని చేయగలడు? కానీ ఆ పదివేలతో వందమందికి పైగా మనుషులకు నెలంతా మామూలు బీపీ మాత్రలు కొనవచ్చు. ఆ వందమందిలో కొందరు డయాలసిస్ దాకా పోకుండా ఆగేవాళ్ళు. చివరి మెట్టు దగ్గర ఉదారంగా ఉండి మొదటి మెట్టు దగ్గర పిసినారిగా ఉండడం ఒక్క మన రాష్ట్రం జబ్బు కాదు. 2014లో వెలువడిన ప్యూర్ అధ్యయనం 17 దేశాలను పోల్చింది. పేద దేశాల్లో గుండె జబ్బుకు దారితీసే కారణాలు ధనిక దేశాల్లోకన్నా తక్కువ, గుండె జబ్బుతో చనిపోయేవాళ్ళు మాత్రం ఎక్కువ. అలవాట్లు కాదు, మందులూ వైద్యమూ అందకపోవడం చంపుతోందని దానర్థం. 2020లో జీన్ బుక్‌మన్ నాయకత్వంలోని లాన్సెట్ కమిషన్ మరో అడుగు ముందుకేసి, ప్రపంచంలోని నిరుపేద వందకోట్ల మంది దీర్ఘకాలిక జబ్బులను జీవనశైలి పద్దులో రాయడమే తప్పని వాదించింది.

మధ్యలో ఏం జరుగుతోంది? వైద్యులు సగాల లెక్క అని ఒకటి చెబుతారు: బీపీ ఉన్నవాళ్ళలో సగం మందికే అది ఉందని తెలుసు, తెలిసినవాళ్ళలో సగం మందే మందు వాడతారు, వాడేవాళ్ళలో సగం మందికే అదుపులో ఉంటుంది. ఇందులో మొదటి సగాన్ని మనం బాగానే పట్టుకున్నాం. ముప్ఫై దాటిన ప్రతి మనిషినీ పరీక్షించే కార్యక్రమం 2017లో దేశంలో మొదలైంది. ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఫారం నింపుతుంది, ఏఎన్‌ఎం బీపీ చూస్తుంది, వేలికి సూది గుచ్చి షుగరు చూస్తుంది, ఫోన్లో ఎక్కిస్తుంది. గ్రామ సచివాలయాల తర్వాత ఊరూరా క్లినిక్ వచ్చింది. 2023 ఏప్రిల్ నుంచి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు 104 వాహనంతో ఊళ్ళకొచ్చే పద్ధతీ మొదలైంది. ఒక సర్వే అవగానే ఇంకో సర్వే. లెక్క తేలుతోంది, తేలిన తర్వాత ఏమిటి?

పశ్చిమ గోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం ఫలితాలు 2019లో వచ్చాయి. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, గుండె జబ్బు ప్రమాదం ఎవరికి ఎక్కువో అక్కడికక్కడే తేల్చి డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు దగ్గరికి వెళ్ళేవాళ్ళు పెరిగారు. బీపీ అదుపులోకి రావడంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ ప్రయోగం వమ్మయిందని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. అది నేర్పింది చాలా ఉంది. పరీక్ష మాత్రమే చేసి, మాత్ర క్రమం తప్పకుండా అందించకపోతే మనిషికి భయం తప్ప ఇంకేమీ మిగలదు. ఊళ్ళో మాత్రలు నెలకు సరిపడా ఇస్తారు, వచ్చే నెల ఒక రకం లేదంటారు, ఆ పై నెల వేరే రంగు మాత్ర ఇస్తారు. రంగు మారిన మాత్రను నమ్మని ముసలమ్మను నిందించగలమా? బాగానే ఉన్నానన్న రోజున మానేయడం, కళ్ళు తిరిగిన రోజున రెండు వేసుకోవడం ఇలాగే అలవాటవుతుంది. లేదంటే షాపులో కొనుక్కోవడం. దేశంలో వైద్య ఖర్చులో జనం జేబు నుంచి పోయే వాటా 2013-14లో 64 శాతం ఉంటే 2021-22కు 39 శాతానికి తగ్గిందని ప్రభుత్వ లెక్క. తగ్గుదల మంచిదే. ఆసుపత్రిలో చేరని రోగికి, అంటే షుగరు, బీపీ ఉన్న ప్రతి మనిషికీ, రోజువారీ మందుల ఖర్చు ఇంకా ఆ 39లోనే ఉంది.

జీవితాంతం మాత్రలివ్వడం మన వ్యవస్థకు చేతకాదనేవాళ్ళకు ఈ జిల్లాలోనే జవాబుంది. 2004లో దేశంలో హెచ్ఐవీకి ఉచిత మందులు మొదలయ్యాక, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రితో సహా పాత అనంతపురం జిల్లాలో వేలమంది ఏళ్ళ తరబడి నెల నెలా మాత్రలు తీసుకుంటూ బతికారు, పిల్లల్ని పెంచారు. అక్కడ ప్రతి మనిషికీ ఒక కార్డు. రాకపోతే ఫోన్ చేసేవాళ్ళు ఒకరు, ఇంటికొచ్చి అడిగేవాళ్ళు ఒకరు. మందు అయిపోయే రోజు ముందే తెలుసు, ఏ మందు ఎంత కావాలో ముందే లెక్క. హెచ్ఐవీ అంటే భయం, వెలి ఉన్న రోజుల్లో సాధ్యమైనది, షుగరు విషయంలో ఎందుకు కాదు? హెచ్ఐవీకి ప్రపంచమంతా కదిలి డబ్బు పెట్టింది. షుగరుకు అలాంటి ఉద్యమం లేదు. 2011లో ఐక్యరాజ్యసమితి సమావేశం, 2030కల్లా అకాల మరణాలను మూడో వంతు తగ్గించాలన్న లక్ష్యం, 2025కల్లా ఏడున్నర కోట్ల మందికి ప్రామాణిక వైద్యమన్న 2023 నాటి కేంద్ర ప్రకటన, ఇవన్నీ ఉన్నాయి. బత్తలపల్లి కార్డులాంటిది మాత్రం లేదు.

ఈ వలలోంచి జారిపోయేవాళ్ళు ఎవరో చూస్తే ఆశ్చర్యం కలగదు. వలసపోయినవాళ్ళు ముందు వరసలో ఉంటారు. వానలు తప్పిన ఏడు పెనుకొండ చుట్టుపక్కల మెట్ట రైతులు బెంగళూరు కట్టడాల పనికి పోతారు. కార్డు ఊళ్ళో, మనిషి బెంగళూరు షెడ్డులో. రెండు నెలలు మాత్ర లేదు. పక్షవాతం వచ్చేది ఆ రెండు నెలల్లోనే. గార్మెంట్స్ ఆడవాళ్ళది వేరే ఇబ్బంది. వాళ్ళ జీతంలో ఈఎస్‌ఐ కోత పడుతుంది గానీ క్లినిక్ తెరిచి ఉండే వేళకు వాళ్ళు మిషను ముందు ఉంటారు. ఒక పూట సెలవంటే హాజరు బోనస్ పోవడం. ఈఎస్‌ఐ నెలకు 21,000 రూపాయల లోపు జీతమున్న ఫ్యాక్టరీ ఉద్యోగికి వర్తిస్తుంది, ఇంట్లో కూలి మగ్గం నేసేవాడికి వర్తించదు. 2019 డిసెంబరులో చేనేత కుటుంబాలకు ఏడాదికి 24,000 రూపాయలిచ్చే నేతన్న నేస్తం ధర్మవరంలోనే మొదలైంది. ఇప్పుడు యాభై దాటిన నేతగాళ్ళకు నెలకు 4,000 పింఛను ఉంది. ఈ డబ్బులో ఎంత భాగం మందుల షాపుకు పోతోందని అడిగినవాళ్ళు లేరు. మగ్గాల ఊళ్ళో ఆత్మహత్యల వార్తలు వచ్చినప్పుడల్లా అప్పు, ముడిపట్టు ధర, మరమగ్గాల పోటీ అని రాస్తాం. ఒంట్లో జబ్బు, దాని వెంట కుంగుబాటు కూడా ఆ అప్పుల చిట్టాలో ఉంటాయి, రాయం. వక్కాకు, పొగాకు నమిలే అలవాటుతో నోటి క్యాన్సరు తెచ్చుకున్న ఆడవాళ్ళ సంగతి అసలు ఎక్కడా రాయం. నోరు తెరిపించి చూడాలన్నది పరీక్షల జాబితాలో ఉన్నా, దాన్ని తరచూ వదిలేస్తారు.

పెనుకొండకు ప్రభుత్వ వైద్య కళాశాల రావాల్సి ఉంది, గత ప్రభుత్వం తలపెట్టిన 17లో అదొకటి. ఇప్పుడు ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టాలా, ప్రభుత్వమే కట్టాలా అన్న వాదన పార్టీల మధ్య నడుస్తోంది. నా అభిప్రాయం అడిగితే, ప్రభుత్వమే కట్టాలంటాను. అయినా కళాశాల వచ్చినంత మాత్రాన ఊరి క్లినిక్‌లో మాత్ర పుట్టదు. ఆ కళాశాలకయ్యే ఖర్చులో వీసమెత్తుతో అయ్యే పనులు కొన్ని ఉన్నాయి, వాటికి భూసేకరణ అక్కర్లేదు, శంకుస్థాపనా అక్కర్లేదు. బీపీ, షుగరు అదుపులో ఉన్నవాళ్ళకు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడం, వలస వెళ్ళే వేళకు ముందే ఇవ్వడం. ఫ్యాక్టరీల పక్క ఊళ్ళలో వారంలో రెండు రోజులైనా క్లినిక్ రాత్రి తొమ్మిది దాకా తెరవడం. షుగరున్న ప్రతి మనిషి పాదాలను ఏడాదికొకసారి చెప్పులు విప్పించి చూడడం. దేశంలో ఎక్కడ చూపించినా చూడగలిగే ఆరోగ్య ఖాతా 2021 నుంచి కాగితం మీద ఉంది, దాన్ని హిందూపురం రోగి కోసం బెంగళూరు డాక్టరు నిజంగా తెరవగలిగేలా చేయడం. ఇంకొకటి, ఏ ఊరి క్లినిక్‌లో ఏ మాత్ర ఎన్ని రోజులుగా లేదో ప్రతి నెలా ఆ క్లినిక్ గోడ మీద, సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టడం. సర్వేల అంకెలన్నీ జిల్లా కేంద్రానికి వెళ్తున్నాయి, ఈ ఒక్క అంకె ఊళ్ళోనే ఉండాలి.